తడి రంగు మీద పసుపు

పొద్దున్నుంచి ముసురు. మక్కచేలో కలుపు ఆపి గోదావరి ఒడ్డుకు పోయాను. ఇంజనీరు సారు నీటిమట్టం చూపే యంత్రాన్ని నదిలోకి దించబోతున్నారు. నిరుడు దానికి నాచు పట్టి తప్పు లెక్క చూపింది. వరద కబురందక మా మోటార్లన్నీ మునిగాయి. ఈసారి నాచు పట్టని రంగు వేశారు. అది ఆరకముందే సారు పసుపు రాసి బొట్లు పెట్టారు. వేలు తగిలిన చోటల్లా రంగు ఊడింది.

"రంగు ఆరలే సారూ, జర ఆగుండ్రి," అన్నాను.

"రాహుకాలం వస్తోందయ్యా."

"నాచుకు గూడ రాహుకాలముంటదా సారూ?"

ఆయన గడియారం చూసుకుని దించమని చెయ్యి ఊపారు. యంత్రం నీళ్ళలో మునిగింది. ఇంత చదువు దేనికో మీరే చెప్పండి.

సారు కొబ్బరికాయ కొట్టి, చిప్పలు జీపులో వేయించుకుని, మధ్యాహ్నం కాకముందే వెళ్ళిపోయారు.