వద్దనలేని మంత్రిగారు

ఓయిసో అనే ఊళ్ళో, సముద్రపు ఒడ్డున మాజీ మంత్రి కువబారా గారి ఉదయాలన్నీ ఒక్కలాగే గడిచేవి. పైన్ చెట్ల కింద రాలిన ఆకులు తానే ఊడ్చేవారు. ఎవరేమడిగినా కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకునేదాకా పెదవి విప్పేవారు కారు. అలాగని పిరికివారేమీ కాదు. యుద్ధనౌకలు తగ్గించే ఒప్పందానికి ఒప్పుకున్నారని, దేశద్రోహి అంటూ జనం ఇంటిమీద రాళ్ళు రువ్వితే, పగిలిన అద్దాల మధ్యే కూర్చుని తాపీగా టీ తాగిన మనిషి. కానీ మంచూరియాలో జరుగుతున్న యుద్ధానికి ఇంకా సైన్యం కావాలని యుద్ధమంత్రి అడిగిన రోజున, ప్రధానే వద్దంటారులే అని ఈయన ఆగారు. ఈయనే వద్దంటారులే అని ప్రధాని ఆగారు. కళ్ళజోడు తుడవడం పూర్తయ్యేసరికి మంత్రివర్గ సమావేశమే ముగిసింది. ఆ మౌనమే అంగీకారమైంది. కొన్నాళ్ళకు ఆయన పదవీ పోయింది.

ఒకనాడు చేపలమ్మే ఓతాకి అనే ఆమె పెరటి గుమ్మంలో చేప పొలుసు గీకుతూ, ఎప్పటిలాగే గిన్నె పట్టుకుని నిలబడ్డ ఆయనవైపు తలెత్తి చూసింది. ఆమె కొడుకు ఆ చలికాలమే మంచూరియాలో చనిపోయాడు.

"అయ్యగారూ, మావోణ్ణి పంపినప్పుడు మీరూ మంత్రేనట గదా. అంతమంది పెద్దోళ్ళలో ఒక్కరన్నా వద్దనలేదా?"

"వద్దనాలనే అనుకున్నానమ్మా."

"మనసులో అనుకుంటే ఎవరికి వినబడుద్దండీ?" అందామె. గొంతులో కోపం లేదు. చేప కడిగి ఆయన చేతిలోని గిన్నెలో పెట్టి, బుట్ట ఎత్తుకుంది.

మర్నాడూ ఆమె వచ్చి, ఎప్పటిలాగే వంగి నమస్కరించి కేకేసింది. గిన్నె పట్టుకుని కువబారా గారి భార్య వచ్చింది. ఆ తర్వాత చేపలు తీసుకోవడానికి ఎప్పుడూ ఆవిడే వచ్చేది.