మా చెరువుకి సున్నా వచ్చిన వారం

రొయ్యల చెరువుని తుఫాను ముంచుతుంది, తెల్లమచ్చ తెగులు ముంచుతుంది, కరెంటు పోతే అదీ ముంచుతుంది. శుభ్రతతో ముంచబోయినదాన్ని మాత్రం రెండు గోదావరి జిల్లాల్లోనూ నేనొక్కదాన్నే. పాప లేచేలోపు ఆ ఘనకార్యం చెప్పేస్తాను. మీరు నవ్వుకోండి, మా ఆయన ఎదురుగా మాత్రం వద్దు. ఆయనింకా నవ్వే దశకి రాలేదు.

మాది భీమవరం దగ్గర పల్లెటూరు. మూడెకరాల రొయ్యల చెరువు. అప్పటికి పాపకి ఆరో నెల. ఆ ఆరు నెలల్లో మా ఇంట్లో నేను మరిగించని వస్తువు లేదు. పాలసీసాలు సరే, ప్లాస్టిక్ గిలక్కాయని కూడా మరిగిస్తే అది వేగిన అప్పడంలా వంకర తిరిగింది. "మమ్మల్ని కూడా ఓసారి వేణ్ణీళ్ళలో ముంచి తియ్యమ్మా, నీ మనసు కుదుటపడుతుంది" అనేవారు అత్తయ్యగారు.

ప్రతి మంగళవారం తెల్లవారగానే ల్యాబు నుంచి లావణ్య అనే అమ్మాయి స్కూటీ మీద వచ్చేది. చెరువు నీళ్ళు సీసాల్లో పట్టుకెళ్ళి, అమ్మోనియా ఎంతుంది, రొయ్యలకి రోగం తెచ్చే బ్యాక్టీరియా ఎంతుంది అని పరీక్ష చేసి రిపోర్టు పంపేది. మంచి పిల్ల. పని తెలిసిన పిల్ల. అదే నా బాధ.

"లావణ్యగారు గట్టు మీద నిలబడి వాసన చూసి అమ్మోనియా ఉందో లేదో చెప్పేస్తారు, తెలుసా?" అన్నారు మా ఆయన ఒకరోజు, టిఫిన్ తింటూ.

"నేనూ చెప్తానండి, పాప పక్కబట్టలు వాసన చూసి."

"అది వేరు సుధా. ఆవిడది సైన్సు."

"నాది బీఎస్సీ కెమిస్ట్రీ అండి!"

"నిజమా? ఎప్పుడు చదివావు?"

"పెళ్ళిచూపుల్లో చెప్పానుగా."

"అప్పుడు నేను జంతికలు తింటున్నాను" అన్నారు, అదేదో సంజాయిషీ అయినట్టు.

చూశారా? రాజమండ్రిలో మూడేళ్ళు పిపెట్లతో కుస్తీపట్టి తెచ్చుకున్న నా డిగ్రీ జంతికల చప్పుడులో కలిసిపోయింది. పైగా ఆ అమ్మాయి 'లావణ్యగారు', నేను ఉత్తి 'సుధా'. ఆత్రేయపురం వెళ్ళొస్తూ రెండు డబ్బాల పూతరేకులు తెచ్చారు. నాకు మామూలు పంచదారవి. ఆవిడకి బెల్లం, జీడిపప్పు వేసినవి! అడిగితే, "ఆవిడ పంట కాపాడుతున్నారు కదే" అన్నారు. మరి నేను కాపాడుతున్నది? ఆయన కూతుర్ని!

ఆ మంగళవారం రాలేనని లావణ్య ముందే ఫోను చేసింది. వాళ్ళ చెల్లెలి నిశ్చితార్థమట. ముందురోజే కవరులో సీలు వేసిన గాజుసీసా మా ఆయన చేతికిచ్చి వెళ్ళింది. "శ్రీనుగారూ, కవరు గట్టు మీదే విప్పండి. మోచేతిలోతు నీళ్ళలో ముంచి, మూతపెట్టి, ల్యాబుకి పంపెయ్యండి చాలు" అంది.

"ఇటివ్వండి, నేను పడతాను" అన్నాను.

"నువ్వా?"

"బీఎస్సీ కెమిస్ట్రీ!" అన్నాను. ఆయన నోట్లో ఆ సమయానికి ఏమీ లేదు కాబట్టి వినపడింది.

అక్కడితో ఆగితే ఈ కథే లేదు. సీసా చేతిలోకి రాగానే నాలోని తల్లి నిద్రలేచింది. ఎవరు కడిగారో, ఎలా కడిగారో! సీలుంటే మాత్రం? ఆ లావణ్య కడిగితే శుభ్రం, నేను కడిగితే కాదా? కవరు వంటింట్లోనే చింపేశాను. సబ్బుతో మూడుసార్లు తోమాను. పది నిమిషాలు మరిగించాను. ఆపైన పాపాయి పాలసీసాల్లో క్రిములు చంపడానికి వాడే క్లోరిన్ మందు చిక్కగా పోసి నానబెట్టాను. ఆ మందుడబ్బా మీద 'మళ్ళీ కడగనక్కర్లేదు' అని స్పష్టంగా రాసి ఉంది. నేను చదువుకున్నదాన్ని, రాసింది పాటిస్తాను. సీసా అడుగున రెండు చెంచాలు మిగిలితే పారబొయ్యలేదు, మంచిదేగా అని. అందులోనే చెరువు నీళ్ళు నింపి, మూత బిగించి, పెళ్ళికూతుర్ని సాగనంపినట్టు ల్యాబుకి సాగనంపాను.

రెండోరోజు మా ఆయన ఫోను పట్టుకుని పరుగెత్తుకొచ్చారు.

"సుధా! సున్నా! చెడ్డ బ్యాక్టీరియా సున్నా! మన చెరువుకి ఎప్పుడూ ఇలా రాలేదు!"

"ఎవరు పట్టారేంటి నీళ్ళు?" అన్నాను, పాప జుబ్బా మడతపెడుతూ, చాలా మామూలుగా.

ఆ రిపోర్టు రైతుల వాట్సాప్ గ్రూపులో పెట్టేశారు. సాయంత్రానికి పక్క చెరువు సత్తిబాబుగారు బండి మీద దిగారు.

"అమ్మాయ్, నీ చేతిలో ఏదో ఉందమ్మా. సీసా ఎలా ముంచావో కాస్త చెబుదూ?"

"తూర్పుకి తిరిగి ముంచాలండి బాబాయ్‌గారూ. మనసు నిర్మలంగా ఉండాలి" అన్నాను. అంత అసూయ కడుపులో పెట్టుకుని ఆ మాట అన్న నాలుక కాలిపోలేదంటే ఆశ్చర్యమే.

అంతటితో పోయినా బాగుండేది. నీళ్ళు ఇంత బాగుంటే ఖర్చెందుకని మా ఆయన ఆ వారం బ్యాక్టీరియాకి చల్లాల్సిన మందు ఆపేశారు. మూడోరోజుకల్లా రొయ్యలు మేత తినడం మానేశాయి. మేత తిన్నాయో లేదో చూడ్డానికి చెరువులోకి దించే పళ్ళెం పైకి లాగితే, వేసిన మేత వేసినట్టే ఉంది. అరవై రోజుల పంట. అప్పట్నుంచీ ఆయన గట్టు దిగలేదు, అన్నం తినలేదు. "నీళ్ళు అంత బాగున్నాయి కదా, మరి వీటికేమైంది సుధా?" అని నన్నే అడుగుతున్నారు. నన్నే, ఎందుకంటే ఆ వారం ఇంట్లో సైంటిస్టుని నేనే. ఆ మొహం చూస్తే నాకూ ముద్ద దిగలేదు. అయినా నోరు విప్పానా? లేదు. నా సున్నా మీద నాకంత నమ్మకం.

మర్నాడు సాయంత్రం లావణ్య వచ్చింది. చేతిలో నేను పంపిన సీసా.

"శ్రీనుగారూ, ఇప్పుడే ఊర్నుంచొచ్చి రిపోర్టు చూశాను. ఇది చెరువు నీళ్ళు కాదండి. కాచి చల్లార్చిన నీళ్ళలో కూడా ఇంతకంటే ఎక్కువ బ్యాక్టీరియా ఉంటుంది." సీసా మూత తీసి వాసన చూసింది. నా వైపు తిరిగింది. "అక్కా, సీసా ఏమైనా కడిగారా?"

"కొంచెం" అన్నాను.

"కొంచెమంటే?"

"సబ్బుతో."

"అంతేనా?"

"మరిగించాను కూడా."

"ఇంకా?"

"...పాప సీసాల మందు."

మా ఆయన నన్ను చూసిన చూపులో కోపం కన్నా ఆశ్చర్యం ఎక్కువుంది. అత్తయ్యగారు మాత్రం, "నయం, రొయ్యలకి దిష్టి తీసి కాటుక పెట్టలేదు" అన్నారు.

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నేను కడిగేస్తే ఉన్న పంట పోబోయింది.

లావణ్య అప్పటికప్పుడు కొత్త సీసాతో నీళ్ళు పట్టింది. ఆగిన మందు ఆ పూటే చల్లించింది. తర్వాత పరీక్ష ఫోటో పంపింది: ల్యాబు గాజుపళ్ళెం నిండా చెడ్డ బ్యాక్టీరియా పచ్చచుక్కలు, చద్దన్నం మీద బూజులా. వారం రోజులు ఆ అమ్మాయి పొద్దునా సాయంత్రం వచ్చింది. అంటే నా పుణ్యమా అని వారానికోసారి చూడాల్సిన మొహం రోజుకి రెండుసార్లు చూశాను. ఎనిమిదోరోజు పైకి లాగిన పళ్ళెం ఖాళీగా వచ్చింది. మేత మొత్తం తినేశాయి. మా ఆయన గట్టు మీదే కూలబడి కళ్ళు తుడుచుకున్నారు. నేనూ తుడుచుకున్నాను, వేరే వైపు తిరిగి.

వెళ్తూ వెళ్తూ లావణ్య నా దగ్గరికొచ్చింది. దెప్పుతుందని సిద్ధంగా ఉన్నాను. నాలుగు మాటలు నేనూ కూర్చిపెట్టుకున్నాను.

"అక్కా, ఒక మాట అడగనా? ఇంత శుభ్రంగా సీసా కడిగినవాళ్ళని నేను చూడలేదు. మా ల్యాబులో సీసాలు కడిగే ఆవిడ మానేసింది. ఖాళీగా ఉంటే వస్తారా?"

వెటకారం లేదండీ ఆ మొహంలో! నిజంగానే అడిగింది! నేను నోరు తెరిచేలోపు మా ఆయన అందుకున్నారు.

"వెళ్ళు సుధా. లావణ్యగారి దగ్గర కాస్త పని నేర్చుకోవచ్చు."

అందుకని, గోదావరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరి మీదైనా అసూయ పడాల్సి వస్తే, మా ఇంట్లో, మా మంచం మీద, తలుపేసుకుని, ఉత్తినే పడతాను. కెమిస్ట్రీని మధ్యలోకి లాగను.