పట్టు వదిలిన స్ఫటికాలు

ఇంట్లోనూ ల్యాబ్‌లోనూ ఆమెను అందరూ కంగారమ్మ అనే పిలిచేవారు. గ్యాస్ కట్టేశానా లేదా అని వీధి మలుపు దాకా వెళ్లి వెనక్కొచ్చే రకం. అలాంటి మనిషి, డిస్ప్రోసియం అనే అరుదైన లోహాన్ని నడుమ పెట్టి ఓ కొత్త అణువును తయారుచేసింది. దాన్ని బాగా చల్లబరిచి అయస్కాంతం చూపిస్తే అదీ అయస్కాంతమయ్యేది. చూపించిన అయస్కాంతాన్ని తీసేశాక కూడా ఆ గుణాన్ని పట్టుకుని, ఎంతో నెమ్మదిగా వదిలేది. ఆ నెమ్మదే దాని గొప్ప. ఆమె పరిశోధనకు గైడ్‌గా ఉన్న మేడమ్ సంబరం పట్టలేక, రాబోయే సదస్సులో ఈ సంగతే చెబుతానని నలుగురిలో చాటేసింది.

ఎందుకైనా మంచిదని కంగారమ్మ రెండోసారి కొలిచింది. తెర మీద అయస్కాంత గుణాన్ని చూపే గీత జర్రున కిందికి జారిపోయింది. అయస్కాంతం తీసీ తీయగానే అణువు చేతులెత్తేసింది.

ఇంటికెళ్లినా అదే ధ్యాస. అత్తగారు కనిపెట్టింది.

"ఏమ్మా, కంచంలో కెలకడమే గానీ నోట్లో పెట్టవేం?"

"నేను చెప్పింది తప్పేమో అత్తయ్యా. మేడమ్ అందరికీ చెప్పేశారు."

"తప్పని తెలిసే చెప్పావా?"

"లేదు."

"మరింకేం? ఇప్పుడు అనుమానంగా ఉందని చెప్పు. నోరేం అరిగిపోదు."

మర్నాడు పొద్దున్నే వెళ్లి గైడ్ గది తలుపు పట్టుకుని నిలబడింది. "మేడమ్, రెండోసారి ఆ ఫలితం రాలేదు. సదస్సులో అప్పుడే చెప్పకండి."

మేడమ్ ముఖం మాడిపోయింది. "ఇప్పుడా చెప్పేది!" అని విసుక్కుని, "రెండుసార్లకీ తేడా ఏం చేశావు?" అని అడిగింది.

ఆ ప్రశ్న పట్టుకుని బుర్ర బద్దలుకొట్టుకోగా తట్టింది. మొదటిసారి ఆత్రంకొద్దీ స్ఫటికాలను ద్రావకంలోంచి తీసి తడితడిగానే పెట్టేసింది. రెండోసారి ఒళ్లు దగ్గర పెట్టుకుని శుభ్రంగా ఆరబెట్టింది. ఆరేటప్పుడు స్ఫటికంలో ఇమిడిన ద్రావకమూ ఎగిరిపోయి, లోహం చుట్టూ ఉన్న అమరిక చెదిరి ఉంటుంది. అంటే కొంప ముంచింది తన జాగ్రత్తేనా?

తేల్చుకోవాలంటే మళ్లీ కొలవాలి. ద్రవ హీలియంతో చల్లబరిచి కొలిచే యంత్రాన్ని చూసుకునే ఆయన్ని అందరూ హీలియం బాబాయ్ అంటారు.

"మళ్లీనా? హీలియమంటే కుళాయి నీళ్లనుకున్నావా?"

"ఈ ఒక్కసారికీ బాబాయ్!"

గొణుక్కుంటూనే ఒప్పుకున్నాడు. ఆమె తడి స్ఫటికాలను సొంత ద్రావకంతోనే గొట్టంలో పెట్టి మూసింది. మూత సరిగ్గా పడిందో లేదోనని పదేపదే తడుముతుంటే, "నువ్వు వదిలితేగా నేను లోపల పెట్టేది!" అని ఆయన కసురుకున్నాడు.

గీత ఈసారి జారలేదు. మెల్లగా, బద్ధకంగా దిగింది. అయినా ఆమెకు నమ్మకం చిక్కలేదు. బాబాయ్‌ని బతిమాలి, కొత్తగా చేసిన స్ఫటికాలతో తడివీ ఎండినవీ పక్కపక్కన కొలిచింది. తడివి పట్టు నిలుపుకున్నాయి, ఎండినవి వదిలేశాయి.

సదస్సులో మేడమ్ ఉన్నదున్నట్టు చెప్పింది. వెనక వరుసలోంచి ఒకాయన, "ఎండితే పనికిరానిదాన్ని ఏం చేసుకుంటాం?" అన్నాడు. మేడమ్ మైకు కంగారమ్మకు అందించింది.

"ఎందుకు పోతోందో తెలిసింది కదండీ," అంది ఆమె. "ఎండినా చెదరని అమరిక కోసం వెతుకుతున్నాం. ఇంకా దొరకలేదు."

చప్పట్లు అంతంతమాత్రం. కూర్చోగానే మేడమ్ వైపు వంగి, "సరిగ్గానే చెప్పానా?" అంది.

"చెప్పావులే తల్లీ. ఆ మైకు ఇటివ్వు."