బండి ముందు అయ్య

దొర బండి ముందు అరుస్తూ పరుగెత్తడం మా అయ్య వెట్టి. అట్లా పరుగెత్తుతూనే పటాన్‌చెరు దారిలో పడి ప్రాణం విడిచాడు.

పంతొమ్మిది వందల యాభైల్లో, సంగారెడ్డి బస్సులో నా పక్కన కూర్చున్న కాలేజీ విద్యార్థి, పరిశోధనకు అంశం దొరకడం లేదన్నాడు. అయ్య పేరు పుస్తకానికి ఎక్కుతుందని ఆశపడి అంతా చెప్పాను. నోటుబుక్కులో రాసుకున్నాడు.

"పడ్డంక బండి ఆగిందా?"

"ఆగలే సార్. ఇంకొకన్ని ఉరికించిన్రు."

పేజీ మీద అడ్డంగా గీత కొట్టాడు.

"గిది మా సీనియర్ రాసేసిండే. ఇంకేమన్న ఉన్నదా నీ దగ్గర?"

సొంతంగా నేర్చుకున్న అక్షరాలతో, గీత కింద అయ్య పేరు చదివాను. ఆ నోటుబుక్కు లాక్కుని కిటికీలోంచి విసిరేయాల్సింది. దొర గడీలో అమ్మ పడ్డ పాట్లు చెప్పడం మొదలుపెట్టాను.