కమిటీ చూసిన ఖాళీ గది

తొంభైలలో మా యూనివర్సిటీ హాస్టల్లో గదికి ఇద్దరని లెక్క, పడుకునేది నలుగురైదుగురం. సీటు లేకుండా ఉండేవాళ్లని నాన్‌బోర్డర్లనేవాళ్లం. వార్డెన్ జీపు చప్పుడైతే చాలు, బొంతలు మంచాల కిందికి, మనుషులు వెనక గోడ దూకి తార్నాక ఇరానీ హోటల్‌కి. ఎవరూ చెప్పనక్కర్లేదు.

మా గది నాన్‌బోర్డర్ ఊళ్లో తెలుగు మీడియం చదివొచ్చిన జూనియర్. ఇంగ్లీషు పాఠాలు అర్థంకాక పరీక్ష పోయింది, పరీక్ష పోయినందుకు హాస్టల్ సీటూ పోయింది. ఇలాంటివాళ్లకు సాయంత్రం క్లాసులు, గోడు వినే ఒక కౌన్సెలర్ ఉండాలని, పరీక్ష తప్పినా సీటు తీయొద్దని ప్రభుత్వాన్ని అడుగుతూ తిరిగాం. వినతిపత్రాలు రాసేది నేను. నా చేతిరాతతో వాళ్ల తలరాత మారుతుందని పాపం అందరూ నమ్మారు.

చివరికి ప్రభుత్వ విద్యావిధాన కమిటీ హాస్టల్‌కే వస్తున్నట్టు కబురొచ్చింది.

"అన్నా, గీ క్లాసులు పెడితే గట్టెక్కుత. లేకుంటే మా బాపు మౌలాలిల ఫ్యాక్టరీల పెట్టిస్తడట," అన్నాడు జూనియర్.

"ఆ మాటే వాళ్లకు చెప్పు."

"తెలుగుల చెప్పొచ్చా?"

"చెప్పురా. నా ఇంగ్లీషు కంటే నయమే."

ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని గేటు దగ్గర నిలబడ్డాను. కమిటీ కార్లొచ్చాయి. వాటి ముందు, దారి చూపిస్తూ, వార్డెన్ జీపు.

పైకెళ్లేసరికి వరండా నిశ్శబ్దం. మా గదిలో రెండు మంచాలు, మడతపెట్టిన దుప్పట్లు. మనిషి లేడు.

"ఇబ్బంది పడే పిల్లలన్నారు, ఏరీ బాబూ?" అన్నాడు కమిటీ పెద్దాయన.

"ఉన్నారు సార్. ఇప్పుడే బయటికెళ్లారు."

మంచం కింది బొంత లాగి చూపిద్దామని వంగాను. చూపిస్తే రేపు వార్డెన్ అందరినీ వెళ్లగొడతాడు. చెప్పు సరిచేసుకుని లేచాను.

"హాస్టల్ చక్కగా ఉందే!" అని పెద్దాయన మెట్లు దిగాడు. పక్కన వార్డెన్ మొహం వెలిగిపోతోంది.

జూనియర్ తార్నాక హోటల్లో దొరికాడు. ముందున్న చాయ్ ముట్టలేదు.

"జీపు సప్పుడుకు కాళ్లే ఉరికినయన్నా. గోడ దుంకినంక యాదికొచ్చింది, ఇయ్యాల మనకోసమే వచ్చిన్రని."

"తిరిగి రాకపోయావా?"

"ఎట్లస్త? గేటుకాడ వార్డెన్ జీపున్నది."

కొన్నాళ్లకు కమిటీ నుంచి జవాబొచ్చింది: అలాంటి అవసరమేదీ తమకు కనిపించలేదట. అందులో అబద్ధం వెతికినా దొరకలేదు నాకు.

మౌలాలి బస్సెక్కే రోజు పొద్దున వాడు మంచం కింది బొంత తీసి, దులిపి, చుట్టాడు. ఆ రోజు ఏ జీపూ రాలేదు.