ముంగిలికెక్కిన అంగడి

మొన్న బడంగ్‌పేటలో మా అమ్మాయి వాళ్లింట్లో వ్రతం జరిగితే, సాయంత్రానికల్లా మా కుటుంబం గ్రూపులోకి అరవై దాకా ఫోటోలు వచ్చి పడ్డాయి. నేను టీ తాగుతూ వాటన్నిటినీ వేలితో పైకి తోసేసి, చివర ఒక బొటనవేలి గుర్తు పెట్టి ఫోన్ పక్కన పడేశాను. పడేశాక గానీ తట్టలేదు, అందులో ఒక్క ఫోటోను కూడా నేను చూడనే లేదని. ఒకప్పుడు ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లు తీసిన ఒక్క బొమ్మ ముందు అరగంట కూర్చుని, వెలుగు ఎటునుంచి పడిందో, మూలన ఆ చెప్పుల జత ఎందుకుందో ఆలోచించి మరీ నాలుగు మాటలు రాసిన మనిషిని నేను. నవ్వొచ్చింది, సిగ్గు కూడా వేసింది.

అవి తెలంగాణ ఉద్యమం మంచి ఊపు మీదున్న రోజులు. మేము పోచంపల్లి నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం పెట్టుకున్నవాళ్లం. వారంలో ఏ రోజు షట్టరు ఎత్తుతామో, ఏ రోజు దించుతామో పొద్దున్నే రోడ్డు చూస్తే గానీ తెలిసేది కాదు. పై ఊళ్ల బేరగాళ్లకు చీరల ఫోటోలు పంపడానికని మా ఆయన అరచేతిలో పట్టేంత డిజిటల్ కెమెరా ఒకటి కొన్నారు. చీర ఫోటో తీయమంటే నేను ఆ చీర ఆరేసిన తీగ మీద వాలిన పిచ్చుకను తీసేదాన్ని. ఆ పిచ్చుకలను చూసీ చూసీ విసిగిపోయిన మా అమ్మాయి, అప్పుడు ఇక్కడే కోచింగులో చదువుకుంటోంది లెండి, నన్ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి ఇంటర్నెట్‌లో ఒక తెలుగువాళ్ల ఫోటోల గుంపులో చేర్పించింది. అక్కడితో నా కొంప మునిగిందని మా ఆయన ఇప్పటికీ అంటారు.

మా వయసువాళ్లలో కొందరికైనా అటువంటి గుంపులు గుర్తుండే ఉంటాయి. మా గుంపును నడిపే ఆవిడది కడప వైపు. అందరం వదిన అనేవాళ్లం. వదిన సోమవారం పొద్దున ఒక్క మాట ఇచ్చేది, గొడుగు అనో, గడప అనో. శనివారం సాయంత్రం ఆరు లోగా ఆ మాటకు తగిన ఫోటో ఒక్కటంటే ఒక్కటే పెట్టాలి. ఆదివారమంతా ఒకరి ఫోటో కింద ఒకరు రెండు మెప్పులు, ఒక సవరణ రాయాలి. మెప్పు లేకుండా సవరణ రాయకూడదు, సవరణ లేకుండా వట్టి మెప్పూ రాయకూడదు. అన్నిట్లో మిన్న అనుకున్న ఫోటోను వదిన మా పేజీ నెత్తిన వారం రోజులపాటు ఉంచేది. దాన్ని ముంగిలి బొమ్మ అనేవాళ్లం. ఆ ముంగిలి కోసం నేను పడ్డ యావ ఇంతా అంతా కాదు. పదకొండు నెలలు అయింది, నా ఫోటో ఒక్కసారి కూడా ముంగిలికెక్కలేదు.

ఎక్కకపోవడానికి ఒక పెద్దాయనే కారణమని నా మనసులో ఉండేది. గుంటూరు వైపు నుంచి వచ్చి ఎల్బీ నగర్‌లో స్థిరపడిన రిటైరైన లెక్కల మాస్టారు ఆయన. అందరూ బాబాయి గారనేవాళ్లు కాబట్టి నేనూ అనేదాన్ని, పైకి గౌరవంగా, లోపల పళ్లు నూరుకుంటూ. ఎంత మంచి ఫోటో పెట్టినా రెండు మెప్పులూ ముక్తసరిగా రాసి, మూడోది మాత్రం తప్పకుండా ఒకటే రాసేవారు, బొమ్మ కొద్దిగా వంకరగా ఉందమ్మా అని. పక్కనే రెండు మైళ్లలో ఉన్నా మేము ఎన్నడూ కలుసుకోలేదు. ఇంకొక సంగతి కూడా ఇక్కడే ఒప్పుకోవాలి. గుంపులో నేను మా ఇంటి మాటలో ఎప్పుడూ రాయలేదు. చాలా బాగున్నదండీ, ఎంతో చక్కగా తీశారండీ అని పుస్తకాల్లో చదివిన తెలుగు అరువు తెచ్చుకుని రాసేదాన్ని. నా మాటను చూసి ఎవరైనా నవ్వుతారేమోనని భయం. ఆ రోజుల్లో అందరి మనసులూ పచ్చిపుండ్లలా ఉండేవి కదా, గుంపులో రాజకీయం ఎత్తకూడదని వదిన గట్టిగా చెప్పేది కూడా.

ఆ సోమవారం వదిన ఇచ్చిన మాట అంగడి. నేను కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాను! అంగడి అంటే మాకు వారానికొకసారి కూడే సంత. మా కాలనీలో నీళ్ల ట్యాంకు పక్క సందులో ప్రతి గురువారం అంగడి అవుతుంది. పైగా అప్పుడు సమ్మె నడుస్తోంది, సిటీ బస్సుల్లేవు, రోడ్డుకు రెండు వైపులా దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. అయితేనేం, అంగడికి షట్టరే లేదాయె, దించడానికి! పల్లెల నుంచి ట్రాలీ ఆటోల్లో కూరగాయలు వచ్చేశాయి. నేను ఎదురింటి వాళ్లను బతిమాలి వాళ్ల మేడెక్కాను. వరసగా దించి ఉన్న బూడిదరంగు షట్టర్లు, వాటి ముందు పట్టాల మీద టమాటలు, వంకాయలు, పచ్చిమిరపకాయలు, వాటి మీదికి వంగిన ఆడవాళ్లు, ఆ వానాకాలపు వెలుగు. బటన్ నొక్కాను. ఈసారి ముంగిలి నాదే అని అక్కడే, ఆ మేడ మీదే అనేసుకున్నాను.

శనివారం అయిదున్నరకు కరెంటు పోయింది. యూపీఎస్ కుయ్యి కుయ్యిమంటోంది, డేటా కార్డు లైటు ఆరుతూ వెలుగుతోంది, ఫోటో ఎక్కే గీత సగంలో నిలబడి కదలనంటోంది. మా ఆయన అన్నం గిన్నె ముందు కూర్చుని, "ఏందే, ఫోటో కోసం ఎవరన్న గింత పరేషాన్ అయితరా? జర వచ్చి తిను" అంటున్నారు. ఆరుకు రెండు నిమిషాలుందనగా, దిల్‌సుఖ్‌నగర్‌లో మా కాలనీ నీళ్ల ట్యాంకు పక్కన గురువారం అంగడి అని కింద రాసిన మాటతో సహా ఎక్కింది. గంతేసినంత పని చేశాను.

ఆదివారం పేజీ తెరిచేసరికి నా ఫోటో కింద వదిన మాట ఉంది. వెలుగు బాగుందట, రంగులు బాగున్నాయట, కానీ అంగడి అంటే దుకాణం కదా, ఇందులో ఉన్న అంగళ్లన్నీ మూసే ఉన్నాయి, కాబట్టి ఈ బొమ్మ ఈ వారం లెక్కలోకి రాదట. అదయినా ఓర్చుకునేదాన్నేమో. దాని కింద ఇంకెవరో, "సంత అంటే పోయేదిగా, సరైన తెలుగు రాస్తే ఈ గొడవ ఉండేది కాదు" అని రాశారు. ఆ సరైన అన్న మాట దగ్గర నా కళ్లు ఆగిపోయాయి. ముంగిలి పోతే పోయింది. మా అమ్మ నోటినుంచి నేర్చుకున్న మాటే తెలుగు కాకుండా పోయింది.

ఏడుపొచ్చింది. తర్వాత కోపమొచ్చింది. పదకొండు నెలల్లో మొదటిసారి, పుస్తకాల తెలుగు పక్కన పెట్టి మా ఇంటి మాటలోనే రాశాను. "మా అమ్మ ప్రతి వారం అంగడికే పోయేది. అంగట్ల తెచ్చిన కూరగాయలతోనే మమ్మల్ని సాదింది. అది తెలుగు కాదంటే, మేం ఇన్నేండ్లు ఏం మాట్లాడినట్టు?" అని రాసి, ఇక ఈ గుంపుకో దండమని కంప్యూటర్ ఆపేశాను. ఆ వారమంతా దాని జోలికి పోలేదు. సోమవారం వదిన ఇచ్చిన కొత్త మాట నీరు అని మా అమ్మాయి చెబితే, నాకెందుకన్నాను. గురువారం మామూలుగానే సంచి పట్టుకుని అంగడికి పోయి, వంకాయల దగ్గర మామూలుగానే బేరమాడి వచ్చాను.

శనివారం సాయంత్రం మా అమ్మాయి దుకాణం లోపలి నుంచి పెట్టిన కేకకు చీరలు చూస్తున్న బేరం ఉలిక్కిపడి లేచింది. "అమ్మా, జల్దిన రా! నువ్వు ఫోటోల ఉన్నవే!"

పరుగెత్తాను. తెర మీద బాబాయి గారు పెట్టిన ఫోటో. నీళ్ల ట్యాంకు, దించిన షట్టర్లు, వంకాయల కుప్ప, కుప్ప మీదికి వంగి ఒక వంకాయను తిప్పి చూస్తున్న నేను! మొహం కనబడదు, కానీ నీలం మీద తెల్ల గళ్ల ఆ పోచంపల్లి చీర మా మగ్గం మీదిది, నాకు తెలియదూ! ఆయనకు మాత్రం ఆ చీరలో ఉన్నది ఎవరో తెలియదు. కింద రాసింది ఇప్పటికీ నాకు కంఠతా వచ్చు. "ఈ వారం నేను నీరు తీయలేదు, కనుక నన్నూ లెక్కలోంచి తీసేయండి. మా ఊళ్లో దీన్ని సంత అంటాం. ఇక్కడ ఏమంటారో ఇక్కడివాళ్లనే అడుగుదామని వెళ్లాను. బస్సుల్లేవు, ఎల్బీ నగర్ నుంచి నడిచాను, మోకాళ్ల వల్ల కాస్త ఆలస్యమైంది. కూరగాయలమ్మే ఆవిణ్ణి దీన్నేమంటారమ్మా అని అడిగాను. ఆవిడ, అంగడిని అంగడే అంటరు సారూ, మరేమంటరు, జర పక్కకు జరుగుర్రి, నా బేరం పోతది అంది. పక్కకు జరిగి ఈ ఫోటో తీశాను. పోయిన వారం బొమ్మ సరైనదే. మనకే ఆ మాట తెలియలేదు."

సరైనదే అన్న మాటను నేను ఎన్నిసార్లు చదివానో చెప్పలేను. గంటలోపలే వదిన రాసింది, మా కడపలో అంగడంటే దుకాణం తప్ప ఇంకొకటి తెలియదు, తప్పు నాది, నువ్వు అలిగి వెళ్లిపోతే నాకు అన్నం సయించదు అని. ఆదివారం పొద్దున నా ఫోటో ముంగిలికెక్కింది! ఆ రోజు బేరానికి వచ్చినవాళ్లనందరినీ లోపలికి పిలిచి చూపించాను. ఫోటోలంటే మొహం చిట్లించే మా ఆయన కూడా స్వీట్లు తెప్పించి, అందులో సగం తనే తిన్నారు. ఆ చీరలో ఉన్నది నేనేనని బాబాయి గారికి రాస్తే, ఆయన రెండు మెప్పులు రాసి సవరణ రాయడం మరచిపోయారు. అటు తర్వాత నేను ఆ గుంపులో ఎన్నడూ అరువు తెలుగు రాయలేదు.

గుంపు ఇంకో రెండేళ్లు నడిచింది. అందరి చేతుల్లోకీ ఫోన్లొచ్చాక వారమంతా ఒక్క ఫోటో కోసం ఆగే ఓపిక ఎవరికీ లేకపోయింది, నాకూ లేకపోయింది. రాష్ట్రమొచ్చింది, మెట్రో వచ్చింది, ఎల్బీ నగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్‌కు ఇప్పుడు కాళ్లు కదపకుండా నిమిషాల్లో వచ్చేయొచ్చు. ఫోన్లో ఎవరితోనైనా మాట పట్టింపు వస్తే పేరు మీద వేలు పెట్టి నొక్కితే చాలు, ఆ మనిషి ఇక కనబడడు, నేనూ ఇద్దరు ముగ్గురిని అట్లాగే నొక్కేశాను. వాళ్లు అన్న మాటకు అర్థమేమిటో కనుక్కుందామని గుమ్మం దాటి నాలుగడుగులు కూడా వేయలేదు.