దసరాకి సర్వర్ ఎక్కించిన ల్యాప్‌టాప్

పోయిన వారం మా అమ్మాయి తన కొత్త ల్యాప్‌టాప్‌లో సర్వర్ సిస్టమ్, అంటే మిగతా కంప్యూటర్లకు పని అందించే పెద్ద యంత్రాల్లో ఉండేది, ఎక్కించుకుంటుంటే, ఏదో ఒకటి మొరాయించకపోతుందా, నా అవసరం పడకపోతుందా అని పక్కనే కుర్చీ లాక్కుని కాచుకు కూర్చున్నాను. నేను కాఫీ తాగేలోపే తెర, శబ్దం, వైఫై అన్నీ తమ డ్రైవర్లను తామే వెతుక్కుని పనిలో పడ్డాయి. సంతోషించాను గాని, నిజం చెప్పొద్దూ, కాస్త ఉక్రోషం కూడా వచ్చింది. మన రోజుల్లో డ్రైవర్ అంటే, అదే, యంత్రంలో ఒక్కో భాగం చేత పని చేయించే చిన్న ప్రోగ్రాం, దాన్ని సంపాదించడం పెళ్లి సంబంధం కుదర్చడం కన్నా కష్టంగా ఉండేది.

అప్పట్లో నేను బెజవాడలో ఒక కంప్యూటర్ శిక్షణ కేంద్రంలో టైపింగ్ నేర్పేవాణ్ని. ఆరేళ్లుగా అదే పాఠం చెప్పి చెప్పి విసిగిపోయి, సర్వర్ క్లాసు చెప్పాలని నా ప్రాణం కొట్టుకుపోతుండేది. చివరికి మా మేనేజరు గారు ఒక అవకాశమిచ్చారు. దసరా సెలవులయ్యాక సోమవారం మైలవరంలో ఒక కాలేజీ పిల్లలకి, తీగలేవీ లేకుండా సర్వర్ ఎలా పనిచేస్తుందో చూపించాలి. కుదిరితే సర్వర్ క్లాసులు నావి, లేకపోతే మళ్లీ టైపింగే. అంత పెద్ద సర్వర్ పెట్టెను బస్సులో మోసుకెళ్లలేం కనుక నా ల్యాప్‌టాప్‌నే సర్వర్‌గా మార్చాలనుకున్నాను. ఆయుధపూజలో అమ్మ దానికి పసుపు రాసి, బొట్లు పెట్టి, హారతిచ్చాక, మంచిరోజు కదా అని పాత సిస్టమ్ చెరిపేసి కొత్తది ఎక్కించాను.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. తెర మీద అక్షరాలు చింతకాయలంత లావయ్యాయి, పాట మూగబోయింది, వైర్‌లెస్ అయితే అసలు కనిపించనే లేదు. ల్యాప్‌టాప్‌తో వచ్చిన సీడీ పెడితే, సర్వర్ సిస్టమ్‌కి మా డ్రైవర్లు పనికిరావని మొహం మీదే చెప్పేసింది. మంగళగిరిలో ఉండే మా బావమరిది ఇలాంటి వాటిలో ఘటికుడు. మర్నాడే బస్సెక్కి వచ్చి, సీడీలోని ఫైళ్లను విప్పి, ఏ భాగానికి ఏ ఫైలో చేత్తో చూపించి ఎక్కించడం నేర్పాడు. "ఇది అడిగి పెట్టించుకునే రకం కాదు బావా, మనమే నోట్లో కుక్కాలి" అనేవాడు. తెర బాగుపడింది. సర్వర్‌కి మాట్లాడే అలవాటు ఉండదట, శబ్దాన్ని మనమే వెళ్లి ఆన్ చేసుకోవాలట, అదీ చేశాం. వైర్‌లెస్ డ్రైవరూ ఎక్కింది గాని, శిక్షణ కేంద్రం నుంచి అడిగి తెచ్చుకున్న వైఫై డబ్బా ఎదురుగా బల్ల మీదే వెలుగుతున్నా ఒక్క నెట్‌వర్కూ కనబడదు. నాలుగుసార్లు డ్రైవర్ తీశాం, నాలుగుసార్లు ఎక్కించాం. ఆదివారం మధ్యాహ్నానికి బావమరిది చేతులెత్తేసి భోజనానికి లేచాడు. నేను మాత్రం టైపింగ్ మాస్టారుగానే రిటైరవుతానని ఖాయం చేసుకుని, దిగులుగా అక్కడే కూర్చుండిపోయాను.

అన్నానికి పిలవడానికొచ్చిన అమ్మ నా మొహం చూసి ఏమైందని అడిగింది. గాల్లోంచి రావాల్సింది రావడం లేదమ్మా అన్నాను. ఆవిడ కాసేపు నసిగి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ బయటపెట్టింది.

"పూజనాడు ముందంచు తుడుస్తుంటే చిన్న మీటేదో పక్కకి జరిగిందిరా. చెబితే అరుస్తావని దాని మీదే ఇంత పసుపు రాసి బొట్టెట్టేశా."

ఎండిన పసుపును గోటితో గీకితే, వైర్‌లెస్‌ను ఆపే మీట. ఇవతలికి జరిపాను. నీలం దీపం వెలిగింది, నెట్‌వర్క్ పేరు ప్రత్యక్షమైంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే! బావమరిది ఎంగిలి చేత్తోనే పరిగెత్తుకొచ్చి పడీ పడీ నవ్వాడు. కోప్పడదామనుకున్న నాకూ నవ్వాగలేదు. మర్నాడు మైలవరంలో అంతా సవ్యంగా జరిగింది, సర్వర్ క్లాసులు నాకొచ్చాయి, రిటైరయ్యేదాకా అవే చెప్పుకున్నాను.

ఆ తర్వాత ప్రతి దసరాకీ అమ్మ కుంకుమ భరిణె పట్టుకుని నా బల్ల దగ్గర నిలబడి, ఎక్కడ పెట్టమంటావురా అని అడిగి మరీ బొట్టు పెట్టేది. ఇప్పుడు యంత్రాలకు ఎవరి సాయమూ అక్కర్లేదు, బావమరిది బస్సెక్కి రావాల్సిన పనీ లేదు, పండగ శుభాకాంక్షలు ఫోన్లోనే పంపిస్తున్నాడు. అమ్మ పోయి నాలుగేళ్లు. మొన్న దసరాకి బొట్టు నేనే పెట్టబోయి, ఎక్కడ పెట్టమంటావురా అని అడిగే మనిషి లేక, వేలికి కుంకుమతో కాసేపు అలాగే నిలబడిపోయాను.